తేనెటీగల కోసం పెళ్ళి చెడగొట్టిన కోడలు

మా అత్తగారి వైపు చుట్టాల్లో నా గురించి ఇప్పటికీ ఒక మాట తిరుగుతుంది: తేనెటీగల కోసం పెళ్ళి చెడగొట్టిన కోడలు అని. పెళ్ళి చెడలేదు. తాళి కట్టారు, విందు జరిగింది, పిల్ల అత్తారింటికి వెళ్ళింది, పిల్లల్ని కన్నది. చెడింది వేరే. అదేమిటని ఎవరూ అడగరు కనుక నేనే చెబుతున్నాను. కోపం చల్లారాక చెబుదామని చాలా ఏళ్ళు ఆగాను. చల్లారలేదు.

నేను పుట్టింది ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరికి అవతల అడవిని ఆనుకుని ఉన్న ఊళ్ళో. మా బాపు ఇంటి వెనుక గోడకు కుండలు కట్టి తేనెటీగలను సాకేవాడు. పెద్ద పెద్ద బండల కింద వేలాడే ఈగలు కావవి. చెట్టు తొర్రలో, గోడ సందులో చీకటి చూసుకుని కాపురం పెట్టే చిన్న జాతి. ఎవరింటి గోడలోనైనా అవి చేరితే బాపు వెళ్ళి, పొగ పెట్టి, చంపకుండా తీసి తెచ్చి కుండలో దించేవాడు. ఆ పని నాకూ వచ్చు. వంట వచ్చినట్టే వచ్చు. దాన్ని ఒక విద్య అని నేనెప్పుడూ అనుకోలేదు.

పెళ్ళై కరీంనగర్ వచ్చాను. నా భర్త బడిపంతులు. మేము ఒక గల్లీలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఆయన అన్న, అంటే మా బావ, అదే గల్లీ చివర పెద్దింట్లో మా అత్తమ్మతో ఉండేవాడు. ధాన్యం వ్యాపారం, నలుగురిలో పరపతి, మానేరు అవతల మామిడితోట. నా మాటలో మరాఠీ కలుస్తుందని ఆ ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేదాన్ని.

ఒకసారి పక్కింటివాళ్ళ ఖాళీ గుమ్మిలో ఈగలు చేరాయి. వడ్లు పోసుకునే గుమ్మి అది, వాళ్ళకు కావాలి. మంట పెడతామని గడ్డి తెచ్చారు. నేను ఆపి, తీసి, కుండలో దించాను. అంతే, ఊరికి తెలిసిపోయింది. ఎవరింట్లో తలుపు చెక్క వెనుక ఝుమ్మని వినబడినా నాకు కబురొచ్చేది. మా అత్తమ్మకు నచ్చలేదు.

"పంతులు పెండ్లాం ఇల్లిల్లు తిరిగి గోడలల్ల చేతులు పెట్టుడేంది? ఇజ్జత్ గాదు" అన్నది.

బావ మాత్రం నవ్వాడు. "పోనియ్యవ్వా. మన ఇంటి పేరు మంచిగనే వస్తంది. పెద్ద పెద్దోళ్లే పిలుస్తుండ్రు గదా."

తీసిన ఈగలను దగ్గరలో పెడితే లాభం లేదు. అవి మళ్ళీ పాత చోటుకే వెళ్ళి ఆ గోడ చుట్టే తిరుగుతాయి. బాగా దూరం తీసుకుపోవాలి. ఎక్కడ పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే బావే అన్నాడు. "నా తోట లేదా మరదలా? మామిడిచెట్ల కింద పెట్టుకో. నీ కుండలకు ఎవ్వడు చెయ్యి పెట్టడు. నాది జిమ్మా."

పూచీ తనదన్న ఆ మాట ఆయన మా వాకిట్లో నిలబడి, నా భర్త వింటుండగా అన్నాడు. అందుకే రాస్తున్నాను.

ప్రతి ఇంట్లోనూ అవే రెండు ప్రశ్నలు. మొదటిది, "ఇంత తక్లీఫ్ ఎందుకు, చంపరాదు?" రెండోది, పట్టు బయటికి రాగానే, "తేనె ఎంతొస్తది?" అప్పటిదాకా తలుపులు బిగించుకుని లోపల దాక్కున్నవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. పిల్లలున్న అరలు వాటికే వదలాలి, కాస్త తేనె కూడా వాటికే ఉంచాలి, లేకపోతే కొత్తచోట నిలవవు అని చెబితే నేను తేనె దాచుకుంటున్నానని గుసగుసలాడేవాళ్ళు. చేతులు వాచేది నాకు, అనుమానం వాళ్ళకు.

అలాంటి ప్రశ్న వేయని మనిషి ఒక్కతే. మా గల్లీకి వెనుక వీధిలో ఒక ముసలామె ఉండేది, ముస్లిం. అందరం ఖాలా అని పిలిచేవాళ్ళం. భర్త లేడు. ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పుతూ, బొంతలు కుట్టి బతికేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తాకు ముందుగది అద్దెకిచ్చింది. ఆ గదిలో ఒక పాత గోడ అల్మారా, దాని వెనుక బోలు. అందులో తేనెటీగలున్నాయి. ఏళ్ళ తరబడి ఉన్నాయి. గుమాస్తా పసిబిడ్డను ఒకటి కుట్టింది, బిడ్డ కన్ను మూసుకుపోయేంత వాచింది.

నేను వెళ్ళేసరికి గుమాస్తా వాకిట్లో నిలబడి ఉన్నాడు. "చూడండమ్మా, నాకు వాటిమీద పగ లేదు. కానీ రేపటికల్లా పోవాలి. లేదంటే కిరసనాయిలు పోయించేస్తాను, లేదా ఇల్లు ఖాళీ చేస్తాను" అన్నాడు. బిడ్డ తండ్రి అతను, తప్పేమీ లేదు.

ఖాలా నన్ను లోపలికి పిలిచి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, మా ఆయన ఉన్నప్పటి సంది ఉన్నయ్ అవి. పొద్దుగాల నమాజుకు లేస్తే గోడకు చెవి పెట్టి ఇనేటోడు. అద్దె లేకుంటే నాకు గడవది, గందుకే తియ్యమంటున్న. నువ్వు చంపవు గదా?"

"చంప ఖాలా."

"ఇంకెవ్వరిని చంపనియ్యవు గదా?"

"చంపనియ్య."

సాయంత్రం పని మొదలుపెట్టాను. పాతగుడ్డల పొగ పట్టి అల్మారా చెక్క ఊడదీస్తే లోపల అరచేతుల వెడల్పున పట్టులు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే కోసి, పిల్లలున్నవాటిని అరటినారతో పుల్లలకు కట్టి కుండలో నిలిపాను. ఈగలను దోసిట్లో ఎత్తి పోశాను. రాణి ఈగ లోపలికి పోయిందో లేదో మిగిలినవే చెబుతాయి. కుండ మూతి దగ్గర వెనుకభాగం పైకెత్తి రెక్కలాడిస్తూ తోటివాటిని పిలుస్తాయి. పిలిచాయి. పొద్దుగూకే లోపల మేతకు వెళ్ళినవీ వచ్చి చేరాయి. మూతికి గుడ్డ కట్టాను.

నా భర్త గంపలో గడ్డి వేసి, కుండను దానిలో కుదురుగా పెట్టి సైకిల్‌కు కట్టాడు. మానేరు ఇసుకలో సైకిల్ నడిపించుకుంటూ, "మెల్లగ నూకు, లోపల పిల్లలున్నయ్" అని వెనుక నుంచి తోస్తున్న నాకే చెప్పాడు. ఆ మాటకు నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

తోటలో నా కుండలన్నీ బాగా నిలిచాయి. మామిడి పూతకొచ్చినప్పుడు వెళ్ళి చూస్తే ఈగల కాళ్ళకు పసుపు ముద్దలు. వచ్చి చెబితే ఖాలా, "నావి మంచిగున్నయా? అలవాటైనయా?" అని అడిగేది. ప్రతిసారీ అడిగేది.

ఆ ఎండాకాలమే బావ కూతురి పెళ్ళి. నేను తెల్లవారక ముందే పెద్దింటికి వెళ్ళాను. పందిట్లో సన్నాయి మోగుతోంది, వెనుక వాకిట్లో పొయ్యిలు మండుతున్నాయి. కూరగాయలు తరగడానికి కూర్చోబోతుంటే మూలన ఇద్దరాడవాళ్ళు ఒక ఇత్తడి గంగాళం మీద పలుచని పంచె పరిచి ఏదో పిండుతున్నారు. తేనె వాసన. తేనె ఒక్కటే అయితే నేను దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు, మాడిన వాసన కూడా కలిసి వచ్చింది. వెళ్ళి చూశాను. పంచె మీద పాలరంగు పిల్లపురుగులు, నలిగినవీ నలగనివీ, కుప్పగా ఉన్నాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి. రెక్కలు కాలిన ఈగలు బూడిదతో కలిసి నల్లగా అంటుకుని ఉన్నాయి.

"ఎక్కడియి ఇవి?" అన్నాను.

ఒకామె నవ్వింది. "నిన్న సందెకాడ తోట నుంచి తెచ్చిండ్రు. మొగపెండ్లివారికి తలా ఒక సీస ఇస్తరట. ఎన్ని పురుగులున్నయో, యాక్!"

మా తోడికోడలు, బావ భార్య, పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె కళ్ళు దించుకుంది.

"నేను వద్దని చెప్పిన చెల్లే. ఇనలే" అన్నది.

నేను కత్తిపీట వదిలి బయటికి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. మానేరు దాటేసరికి ఎండ ఎక్కింది. చెప్పులు పెద్దింట్లోనే మరిచిపోయాను, ఇసుక కాలుతోంది. దారంతా నాలో నేను తిట్టుకుంటూనే నడిచాను. నాకు తెలిసిన తెలుగు తిట్లు అయిపోతే మా ఊరి మరాఠీ తిట్లు తిట్టాను.

తోటలో కుండలన్నీ పగిలి ఉన్నాయి. ఒక్కటీ మిగలలేదు. ఎండుగడ్డి దివిటీలు చేసి నేరుగా కుండ మూతుల్లో దూర్చినట్టున్నారు, మామిడిచెట్ల మొదళ్ళు కూడా కమిలాయి. నేల మీద చచ్చిన ఈగలు తవుడు పారబోసినట్టున్నాయి. తేనె కావాలంటే నన్నడిగితే చాలు. పైన ఉన్న తేనె అరలు కోసి ఇచ్చేదాన్ని, పిల్లలూ ఉండేవి, ఈగలూ ఉండేవి. అడగలేదు. అడగాలని తోచలేదు. ఆ తోచకపోవడమే నన్ను అప్పుడు మండించింది, ఇప్పుడూ మండిస్తుంది.

ఒక నిమ్మచెట్టు కొమ్మకు మాత్రం పిడికెడంత గుంపు వేలాడుతోంది. తప్పించుకున్నవి. ఒకదాన్నొకటి పట్టుకుని, చప్పుడు లేకుండా.

నేను పెంకుల మధ్య నుంచి కాలిన పట్టు ముక్కలు ఏరి కొంగులో పోసుకుని వెనక్కి నడిచాను.

పందిట్లో మొగపెళ్ళివాళ్ళు బంతిలో కూర్చున్నారు. బావ పట్టుపంచె కట్టుకుని వడ్డన చూస్తున్నాడు. నా కాళ్ళ నిండా ఇసుక, జుట్టు రేగిపోయింది. నేరుగా ఆయన ముందుకు వెళ్ళాను. ఎప్పుడూ ఆయనకు ఎదురుగా నిలబడి మాట్లాడినదాన్ని కాదు.

"తోటల కుండలు ఎవలు పలగ్గొట్టిండ్రు?"

"పెండ్లిల గిదేం పంచాది మరదలా?" అని నవ్వాడు. "నేనే చెప్పిన జీతగానికి. వియ్యాలవారికి సొంత తోట తేనె పెట్టాలె గదా. నీకు గూడ ఒక సీస ఉంచిన, ఫికర్ చెయ్యకు."

"అవి నీవి గాదు."

మీరు అనాల్సిన మనిషిని నువ్వు అన్నాను. బంతిలో చేతులు ఆగిపోయాయి. బావ ముఖం మారింది.

"తోట ఎవనిది?"

"తోట నీది. ఈగలు నీవి గాదు. ఎవ్వడు చెయ్యి పెట్టడు, నాది జిమ్మా అన్నవ్. నా వాకిట్ల నిలబడి అన్నవ్."

"ఈగలకు జిమ్మా ఏందే! పురుగులవి. పో, లోపలికి పో. కుండలు కావాలంటే బండెడు కొనిస్త."

పెళ్ళికొడుకు తండ్రి ఏమిటేమిటని అడిగాడు. బావ అతని వైపు తిరిగి, "ఏం లేదు బావగారూ. మా తమ్ముని పెండ్లాం. అడివి దిక్కు పిల్ల, జర..." అంటూ కణత దగ్గర వేలు తిప్పాడు.

ఆ వేలు తిప్పకపోతే నేను లోపలికి వెళ్ళిపోయేదాన్నేమో. కొంగు విప్పి ఉన్నదంతా బంతి ముందు కుమ్మరించాను. కాలిన మైనం, బూడిద, పురుగులు.

"మీకు ఇచ్చే తేనె గీండ్లకెల్లి పిండిండ్రు. పిల్లలతోని సహా పిండిండ్రు. చూసుకోండ్రి" అన్నాను.

ఒక పెద్దాయన విస్తరి ముందు నుంచి లేచాడు. ఇద్దరు ముగ్గురు ఆయన వెంట లేచారు. బావ వాళ్ళ చేతులు పట్టుకుని బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టాడు. నేను చెడగొట్టిన పెళ్ళి అంతే, కొద్దిసేపు అన్నం చల్లారింది.

నా భర్త నా రెక్క పట్టుకుని గల్లీలోకి లాక్కొచ్చాడు.

"లోపలికి వచ్చి అన్న కాళ్లు మొక్కు. మాఫీ అడుగు. పిల్ల పెండ్లే అది!"

"మొక్క."

"నా ఇజ్జత్ ఏంగావాలె?"

"కుండ నువ్వే మోసినవ్" అన్నాను. "లోపల పిల్లలున్నయ్, మెల్లగ అన్నవ్. నిన్న కాలవెట్టినప్పుడు గవే పిల్లలు లోపలున్నయ్. నువ్వు మీ అన్నను ఒక్కమాట అడగవా?"

ఆయన పందిరి వైపు తిరిగాడు. నాకు బావ మీద కంటే ఆ క్షణాన ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. గల్లీలో అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఏడుస్తూనే చెప్పాను. "నిమ్మచెట్టుకు ఇంకా కొన్ని ఉన్నయ్. నువ్వొస్తే రా, రాకుంటే ఊకో. నేను పోతున్న."

నేను ఇంటికి వెళ్ళి కుండా గుడ్డా తీసుకుని వచ్చేసరికి ఆయన సైకిల్ పట్టుకుని గడప ముందు ఉన్నాడు. గంప కట్టి ఉంది. సొంత అన్న కూతురి పెళ్ళి, అప్పగింతలు కూడా కాలేదు. మానేరు దాటి వెళ్ళి కొమ్మ కింద కుండ పట్టాను. ఆయన కొమ్మను ఒక్క కుదుపు కుదిపాడు. గుంపు మొత్తం కుండలో పడింది.

మర్నాడు ఖాలా దగ్గరికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఊరుకో బిడ్డా, నీ తప్పేముంది అంటుందనుకున్నాను. అనలేదు. బొంత కుడుతున్న సూది ఆపి గోడ వైపు చూసింది.

"మిగిలినయ్ నావేనా?" అన్నది.

"తెల్వది ఖాలా. అన్ని కుండలయి కలిసిపోయినయ్."

"నువ్వు మాటిచ్చినవ్."

"ఇచ్చిన."

"గడబిడ దినాలల్ల, మిలిట్రీ వచ్చి నిజాం రాజ్యం పోయినప్పుడు, మా ఆయన ఇంట్లనే దాక్కున్నడు" అన్నది, గొంతు పెంచకుండా. "ఒక దోస్తు వచ్చిండు. హిందువే, మంచోడే. ఏం గాదు, నా తోటల ఉండు, ఎవ్వడు చెయ్యి పెట్టడు అన్నడు. నేనే పొమ్మన్న. మళ్ల రాలే. దోస్తును అడిగితె, నేను ఊళ్లె లేను, నాకు తెల్వకుంట అయింది అన్నడు."

మళ్ళీ సూది అందుకుంది. ఒక మనిషి ప్రాణం ముందు ఈగల గురించి నా కోపం చిన్నబోతుందని ఎవరైనా అనవచ్చు. నాది చిన్నబోలేదు. పెరిగింది. ఒకడు నా తోట, నాది జిమ్మా అని ఎంత తేలికగా అంటాడో, ఎంత తేలికగా మరిచిపోతాడో అర్థమైంది.

ఖాలా నాతో కొన్ని నెలలు మాట్లాడలేదు. గుమాస్తా బదిలీ అయి వెళ్ళిపోయాక, ముందుగది ఖాళీగా ఉన్నప్పుడు కబురు పెట్టింది. వెళితే చాయ్ ఇచ్చింది. ఈగల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మిగిలిన ఆ పిడికెడు గుంపును మేము మా బాపు దగ్గరికి చేర్చాము. బస్సులో కండక్టర్ ఆ గుడ్డకట్టిన కుండ ఏమిటని అడిగితే నా భర్త తడుముకోకుండా "పెరుగు" అన్నాడు. అబద్ధమాడని మనిషి. గోదావరి దాటేదాకా కుండను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. బాపు దాన్ని వెనుక గోడకు కట్టాడు. వానాకాలం గడిచాక చూస్తే పట్టులు కట్టి నిండుగా ఉన్నాయి.

పెద్దింటి గడప నేను మళ్ళీ తొక్కలేదు. మమ్మల్ని చూడాలంటే అత్తమ్మే మా ఇంటికి వచ్చేది. ఈగలు తీయమని ఎవరు పిలిచినా, వాటిని ఎక్కడ పెడతానో ఆ ఇంటివాళ్ళు వచ్చి కళ్ళారా చూడాలని, ఆ చోటు యజమాని ముందే ఒప్పుకోవాలని చెప్పేదాన్ని. అంత ఓపిక ఎవరికుంటుంది? పిలుపులు తగ్గాయి. గడ్డి మంటలు పెరిగాయి. కాలిన వాసన వచ్చిన రోజు నేను కిటికీ మూసుకునేదాన్ని.

చాలా ఏళ్ళకు ఒక మధ్యాహ్నం బావ మా ఇంటికి వచ్చాడు. అత్తమ్మకు ఒంట్లో బాగోలేదు, కోడళ్ళిద్దరూ దగ్గర ఉండాలని ఆమె కోరిందట. వచ్చినవాడు కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. దుకాణంలో కొన్న తేనె.

"ఎన్నేండ్ల ముచ్చట మరదలా అది. మనసుల పెట్టుకోకు. అప్పుడు నీ తేనె వియ్యాలవారికి పంచిన, తప్పే. గిది అస్సల్ తేనె, నిర్మల్ దిక్కు నుంచి తెప్పిచ్చిన" అన్నాడు.

నిజంగానే అన్నాడు. ఆయన ముఖంలో వెటకారం లేదు, నటన లేదు. ఇన్నేళ్ళూ నేను తేనె కోసం అలిగాననే అనుకున్నాడు. నేను ఆయన్ను అన్నేళ్ళు తిట్టుకుంటూ ఉంటే, ఆ తిట్లు ఎందుకో కూడా ఆయనకు తెలియలేదు. నాకు అరవాలనిపించింది. ఎక్కడ మొదలుపెట్టి అరవాలో తెలియలేదు.

"నేను తేనె తినను బావా" అన్నాను. "చిన్నప్పటి సంది తినను."

ఆయన నమ్మలేనట్టు నా భర్త వైపు చూశాడు.

"తినదన్నా" అన్నాడు నా భర్త. "నువ్వెప్పుడు అడగలే."

అత్తమ్మను చూడడానికి వస్తానని చెప్పాను, వెళ్ళాను కూడా, వెనుక వాకిలి నుంచి. సీసా మాత్రం ఆయన లేచి వెళ్ళేటప్పుడు తిరిగి సంచిలో పెట్టి ఇచ్చాను.